సరిగ్గా టైముకి కొట్టడమంటే ఏ టైముకి?

గిటార్ హీరో అనే వీడియో గేమ్ 2005లో వచ్చింది. ప్లాస్టిక్ గిటార్ మెడలో వేసుకుని టీవీ ముందు నిలబడి ఆడే ఆట అది. 2007లో మూడో భాగం వచ్చేసరికి అందులో కొన్ని పాటల వేగానికి వేళ్లు తిరగక చేతులెత్తేసినవాళ్లు ఎందరో. ఎలక్ట్రానిక్స్ తెలిసిన కుర్రాళ్లు కొందరు మాత్రం ఇంకో దారి పట్టారు. తామే ఆడటం కాకుండా, తమ బదులు ఆడే రోబోలను తయారుచేశారు.

ఆ రోబో ఎలా ఆడుతుందో తెలిస్తే, 1960ల నాటి సోల్ అనే అమెరికన్ సంగీతపు రికార్డింగులు ఇన్నేళ్ల తర్వాత కూడా వినగానే కాలు కదిలేలా ఎందుకు చేస్తాయో అర్థం చేసుకోవడం తేలికవుతుంది. రెండింటికీ ఏం సంబంధం అంటారా? దెబ్బ ఎప్పుడు పడాలి అన్న ఒకే ప్రశ్నకు అవి రెండు వేర్వేరు జవాబులు.

చెవుల్లేని ఆటగాడు

ముందు ఆట సంగతి. స్క్రీన్ మీద ఐదు రంగుల దారులుంటాయి. పైనుంచి బిళ్లలు జారుతూ వస్తాయి. బిళ్ల కింది గీతను చేరే క్షణానికి గిటార్ మెడ మీద ఆ రంగు బటన్ నొక్కి పట్టుకుని, రెండో చేత్తో మీట కదపాలి. కాస్త ముందైనా, కాస్త వెనకైనా ఆట ఒప్పుకుంటుంది. కానీ ఆ వెసులుబాటు సుమారుగా సెకనులో పదో వంతు మేరకే.

రోబో తయారీలో బాగా వాడుకలో ఉన్న పద్ధతి ఇది. టీవీ తెర మీద ఒక్కో దారికి ఒక్కో లైట్ సెన్సర్ అంటిస్తారు. బిళ్ల దాని కిందుగా పోయినప్పుడు వెలుతురు మారుతుంది, సెన్సర్ ఆ సంగతి చిన్న కంప్యూటర్ బోర్డుకి చెబుతుంది. సెన్సర్ని గీత మీదే పెట్టరు, కొంచెం పైన పెడతారు. గీత మీద పెడితే, బిళ్ల వచ్చిందని తెలిసేసరికే ఆలస్యం అయిపోతుంది. బిళ్లలు ఒకే వేగంతో జారతాయి కాబట్టి, సెన్సర్ నుంచి గీతకు చేరడానికి ఎంత సేపు పడుతుందో ముందే కొలిచి పెట్టుకోవచ్చు. బోర్డు ఆ సేపు ఆగి, తర్వాత నొక్కుతుంది.

చెప్పినంత తేలిక కాదు. వేగమైన పాటలో మొదటి బిళ్ల గీతను చేరకముందే ఇంకో మూడు నాలుగు సెన్సర్ను దాటేస్తాయి. కాబట్టి బోర్డు ప్రతి బిళ్లకీ విడిగా సమయం రాసుకుని వరుసలో పెట్టుకోవాలి, ముందొచ్చినదాన్ని ముందు వదలాలి. నొక్కడానికి విద్యుత్తుతో కదిలే ఇనుప పుల్లలు వాడితే, అవి కదలడానికి కూడా కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. ఆ ఆలస్యాన్ని లెక్కలోంచి తీసేయాలి. కొందరు ఈ తలనొప్పి వద్దనుకుని పుల్లల జోలికి పోకుండా గిటార్ బటన్ల వైర్లకే నేరుగా కరెంటు కలిపేస్తారు.

ఇంత పనితనం ఉన్న ఈ రోబో పాటను మాత్రం వినదు. టీవీ సౌండ్ పూర్తిగా తీసేసినా దాని స్కోరు మారదు. దానికి తెలిసిందల్లా వెలుతురు మారడం, కాసేపు ఆగడం, నొక్కడం.

"ఇప్పుడు" అన్నది ఒక్కటి కాదు

మనిషి ఆడినప్పుడు ఇంకో చిక్కు వచ్చిపడుతుంది. ఇప్పటి టీవీలు వచ్చిన బొమ్మను తెర మీద వేసే ముందు దానికి మెరుగులు దిద్దుతాయి. అందుకు పదుల మిల్లీసెకన్లు పట్టొచ్చు. ధ్వని విడిగా స్పీకర్లకు వెళ్తుంది, దాని ఆలస్యం వేరు. గేమ్ లోపలి గడియారం వేరు. అంటే ఒకే దరువుకి కంటికి ఒక "ఇప్పుడు", చెవికి ఒక "ఇప్పుడు", యంత్రానికి ఇంకో "ఇప్పుడు". అందుకే ఈ ఆటల్లో ముందుగా కాలిబ్రేషన్, అంటే ఆ తేడాలు కొలిచి సర్దుకోవడం, చేసుకోమంటారు. 2008లో వచ్చిన రాక్ బ్యాండ్ 2 గిటార్లోనైతే చిన్న లైట్ సెన్సర్, మైక్ పెట్టేశారు. గిటార్ని టీవీ వైపు తిప్పి పట్టుకుంటే, తెర మెరుపుని, స్పీకర్ చప్పుడుని అదే పట్టుకుని తేడా లెక్కగట్టుకుంటుంది. రోబో తయారుచేసిన కుర్రాళ్లు టీవీకి అంటించిన కన్ను లాంటిదే, కంపెనీ వాళ్లే మనిషి చేతికిచ్చారన్నమాట.

మరి ఆట ఎంత కచ్చితంగా కొలుస్తుంది? పాదాలతో ఆడే డాన్స్ ఆటల్లో ఈ కొలత ఇంకా బిగుతు. జపాన్ కంపెనీ కొనామీ 1998లో తెచ్చిన డాన్స్ డాన్స్ రెవల్యూషన్ తరహాలో స్టెప్‌మేనియా అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. అందులో అన్నిటికంటే పై మార్కు రావాలంటే, మామూలు సెట్టింగుల్లో అసలు సమయానికి 22.5 మిల్లీసెకన్లకు మించి అటూ ఇటూ పోకూడదు.

ఈ 22.5 అంకెను గుర్తుపెట్టుకోండి. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. అంటే మీటరుకు దాదాపు 3 మిల్లీసెకన్లు. ఒక గదిలో డ్రమ్మర్‌కి ఏడు మీటర్ల దూరంలో గిటార్ వాయించేవాడు నిలబడితే, డ్రమ్ దెబ్బ అతని చెవికి చేరడానికే 20 మిల్లీసెకన్లు పడుతుంది. ఇద్దరిలో ఎవరి తప్పూ లేదు. డాన్స్ ఆట కట్టిన ఆ గట్టి హద్దును దాదాపు మొత్తం గాలి ఒక్కటే మింగేసింది.

అలాంటి పెద్ద గది ఒకటి అమెరికాలోని మెంఫిస్ నగరంలో ఉండేది.

మెంఫిస్, 1965

సోల్ అంటే అమెరికాలో నల్లజాతివారి చర్చి గాస్పెల్ పాటలు, రిథమ్ అండ్ బ్లూస్ కలిసి 1950ల చివర్లో రూపు కట్టిన సంగీతం. దానికి పేరుమోసిన ఊళ్లు రెండు మూడున్నాయి. డెట్రాయిట్‌లో మోటౌన్ ఉంది. బెర్రీ గోర్డీ 1959లో మొదలుపెట్టిన సంస్థ. ఆయన అంతకుముందు కార్ల ఫ్యాక్టరీలో పనిచేసినవాడు, పాటల్ని కూడా అంతే పద్ధతిగా, ఒక్కో దశలో సానబెట్టి బయటికి పంపేవాడు. అలబామా రాష్ట్రంలో మజిల్ షోల్స్ అనే చిన్న ఊళ్లో రిక్ హాల్ నడిపిన ఫేమ్ స్టూడియో ఉంది. 1967లో గాయని అరీతా ఫ్రాంక్లిన్ దశ తిప్పిన రికార్డింగ్ అక్కడే మొదలైంది. మెంఫిస్‌లో ఉన్నది స్టాక్స్.

జిమ్ స్టూవర్ట్, ఆయన అక్క ఎస్టెల్ ఆక్స్‌టన్ కలిసి నడిపిన ఈ సంస్థ పాత సినిమా హాల్లో స్టూడియో పెట్టింది. సీట్లు పీకేశారు కానీ నేల అలాగే ఏటవాలుగా ఉండిపోయింది. ఒకదానికొకటి సమాంతరంగా లేని గోడలూ నేలా, ఎత్తైన కప్పు. వాయిద్యగాళ్లంతా ఆ ఒక్క గదిలోనే నిలబడి, ఒకేసారి వాయించి రికార్డు చేసేవాళ్లు. ఇంటి బ్యాండ్ పేరు బుకర్ టీ అండ్ ద ఎంజీస్. ఆర్గన్ మీద బుకర్ టీ జోన్స్, గిటార్ స్టీవ్ క్రాపర్, బాస్ డక్ డన్, డ్రమ్స్ ఆల్ జాక్సన్ జూనియర్. ఇద్దరు నల్లవాళ్లు, ఇద్దరు తెల్లవాళ్లు. అప్పటి మెంఫిస్‌లో వీళ్లు నలుగురూ ఒకే హోటల్లో కూర్చుని తినడం కూడా సమస్యే.

1965 మేలో అట్లాంటిక్ రికార్డ్స్ నుంచి జెర్రీ వెక్స్‌లర్ అనే నిర్మాత తన గాయకుడు విల్సన్ పికెట్‌ని అక్కడికి తీసుకొచ్చాడు. పికెట్, క్రాపర్ లొరైన్ మోటెల్లో కూర్చుని "ఇన్ ద మిడ్‌నైట్ అవర్" రాశారు. మూడేళ్ల తర్వాత మార్టిన్ లూథర్ కింగ్‌ని కాల్చి చంపింది ఆ మోటెల్లోనే. రికార్డింగ్ మొదలయ్యాక వెక్స్‌లర్‌కి దరువు నచ్చలేదు. గాజు గదిలోంచి బయటికొచ్చి, ఆ వయసులో, అందరి ముందూ డాన్స్ చేసి చూపించాడు. అప్పట్లో కుర్రకారు ఆడుతున్న "జెర్క్" అనే డాన్స్ అది. ఆ డాన్సులో ఒంటి విసురంతా రెండో దరువు మీద పడుతుంది, అదీ ఓ క్షణం ఆగి పడుతుంది. క్రాపర్, జాక్సన్ దాన్ని చూసి పట్టేసుకున్నారు. నాలుగు దరువుల పాటలో రెండు, నాలుగు దరువుల మీద టప్పుమని మోగే స్నేర్ డ్రమ్, గిటార్ దెబ్బ కలిపి, ఒక్క పిసరు ఆలస్యంగా వేశారు. ఆ పాట రిథమ్ అండ్ బ్లూస్ పట్టికలో మొదటి స్థానానికి వెళ్లింది. వెనక్కి లాగిన ఆ దరువు స్టాక్స్ చిరునామా అయిపోయింది.

ఆ పాట ఇప్పుడు హెడ్‌ఫోన్స్‌లో పెట్టుకుని వినండి. బాస్ గిటార్, కాలితో కొట్టే కిక్ డ్రమ్ ఒకటో దరువుని పట్టుకుని ఉంటాయి. రెండో దరువు దగ్గర చెవి "ఇక పడాలి" అనుకుంటుంది. పడదు. అనుకున్న మరుక్షణం పడుతుంది. ఒక్కో దరువు నిడివి అర సెకనుకు కాస్త ఎక్కువ. అందులో ఆలస్యం చాలా చిన్న ముక్క. అయినా ఒళ్లు దాన్ని పసిగడుతుంది. డాన్స్ చేసేవాడికి నడుము తిప్పడానికి చోటు దొరికినట్టుంటుంది. నా మటుకు నాకు, రికార్డు చేసిన సంగీతంలో ఇంత చిన్న మార్పు ఇంత పెద్ద తేడా తెచ్చిన చోటు మరొకటి గుర్తురాదు.

మన సంగీతం తెలిసినవాళ్లు ఇక్కడ అతీత, అనాగత గ్రహాలను తలుచుకుంటారు. పాట తాళం కంటే ముందో వెనకో ఎత్తుకోవడం మనకు కొత్తేమీ కాదు కదా అంటారు. కానీ అది లెక్కలో ఉన్న జరుగుడు. అర అక్షరమో, ముప్పావో, ఒకటిన్నరో, చేత్తో చూపించగలిగే కొలత. స్టాక్స్ ఆలస్యం అక్షరాల్లో రాయలేనంత చిన్నది. నొటేషన్‌లో రెండు, నాలుగు దరువులు యథాస్థానంలోనే ఉంటాయి.

మనిషి పొరపాటులో అందం ఉందా?

ఇంతవరకూ వచ్చాక చాలామంది చటుక్కున ఒక మాట అనేస్తారు: యంత్రం కచ్చితం, మనిషి పొరపాటు పడతాడు, ఆ పొరపాటులోనే అందం ఉంది అని. వినడానికి బాగుంటుంది. నాకు మాత్రం దీనితో గట్టి అభ్యంతరం ఉంది. ఆల్ జాక్సన్ని తోటివాళ్లు "హ్యూమన్ టైమ్‌కీపర్" అని పిలిచేవాళ్లు, అంత నిలకడ ఆయనది. ఆ ఆలస్యం చెయ్యి జారి వచ్చింది కాదు. పాట మొదటి నుంచి చివరి దాకా, ప్రతిసారీ, పక్కన గిటార్‌తో కలిసి ఒకే మేరకు వెనక్కి లాగడమంటే సరిగ్గా దరువు మీద కొట్టడం కంటే కష్టం. దాన్ని పొరపాటు అనడం ఆయన పనితనాన్ని తగ్గించడమే.

పరిశోధనలు కూడా ఈ తేలిక మాటను సమర్థించవు. 1987లో చార్లెస్ కీల్ అనే అమెరికన్ పరిశోధకుడు, కలిసి వాయించేవాళ్ల మధ్య ఉండే చిన్నచిన్న తేడాలే సంగీతానికి ప్రాణం అని వాదించాడు. చాలామందికి నచ్చిన వాదన. తర్వాత దాన్ని ప్రయోగాల్లో పరీక్షించారు. 2013లో జర్మనీ పరిశోధకులు మామూలు డ్రమ్ దరువును తీసుకుని, కిక్‌నో స్నేర్‌నో కొన్ని మిల్లీసెకన్లు ముందుకూ వెనక్కీ జరిపి జనానికి వినిపించారు. ఎక్కువ మార్కులు పడింది ఏమాత్రం జరపని, గీత గీసినట్టున్న దరువుకే. 2014లో మరియా విటెక్ బృందం ఇంకో సంగతి తేల్చింది. డాన్స్ చేయాలనిపించడానికి దరువులో ఖాళీలు, ఎదురుచూడని చోట పడే దెబ్బలు ఓ మోస్తరుగా ఉండాలి. మరీ సాదాగా ఉన్నా, మరీ గజిబిజిగా ఉన్నా ఆ ఊపు రాదు. అక్కడ జరిగిన మార్పు మిల్లీసెకన్లలో కాదు, దరువు అల్లికలోనే.

మరి ఆలస్యం అంతా భ్రమేనా? నేను అలా అనుకోను. ప్రయోగంలో ఒక డ్రమ్ ట్రాక్ తీసుకుని స్నేర్‌ను మౌస్‌తో జరుపుతారు. మెంఫిస్‌లో జరిగింది అది కాదు. అక్కడ స్నేర్, గిటార్ కలిసి వెనక్కి వెళ్లాయి, బాస్ వెళ్లలేదు, పికెట్ గొంతు ఇంకో లెక్కలో పోయింది. ఎవరు దేనికి ఎంత దూరం అన్నది అందరూ కలిసి ఒప్పుకున్న ఒప్పందం. ఒక్క గీతను జరిపి ఆ ఒప్పందం మొత్తాన్నీ పరీక్షించలేం.

మనిషి వాయింపులోని ఒడిదుడుకులకు ఒక తీరు ఉంటుందని కూడా కొలిచారు. 2011లో హోల్గర్ హెనిగ్ బృందం చూపించినదాని ప్రకారం, మనిషి తేడాలు పాచికలు వేసినట్టు ఎటుపడితే అటు పడవు. ఇప్పుడు కాస్త ముందుకు జరిగితే ఆ ప్రభావం చాలా దరువుల తర్వాత దాకా ఉంటుంది. మ్యూజిక్ సాఫ్ట్‌వేర్లలో "హ్యూమనైజ్" అనే బటన్ ఉంటుంది చూశారా? మామూలుగా అది దెబ్బల్ని ఇష్టమొచ్చినట్టు చెదరగొడుతుంది. అలా చెదరగొట్టిన దరువునీ, మనిషి తీరులో జరిపిన దరువునీ పక్కపక్కన వినిపిస్తే శ్రోతలు రెండోదాన్నే ఇష్టపడ్డారు. 2015లో జెఫ్ పొర్కారో అనే పేరుమోసిన డ్రమ్మర్ రికార్డింగ్‌లో హై-హ్యాట్ అనే జంట తాళాల దెబ్బల్ని కొలిచినప్పుడూ ఇలాంటి దూరపు జ్ఞాపకమే కనబడింది.

పాత సోల్ రికార్డింగులు క్లిక్ ట్రాక్ లేకుండా చేసినవి. చెవిలో టిక్కుటిక్కుమనే యంత్రం లేదు కాబట్టి, పాట వేగం కోరస్‌కి వచ్చేసరికి కాస్త పెరగొచ్చు, మళ్లీ సర్దుకోవచ్చు. ఇలాంటి పాటను రిథమ్ గేమ్‌లో పెట్టాలంటే ఏం చేయాలి? నిమిషానికి ఇన్ని దరువులు అని ఒక అంకె వేసి ఊరుకుంటే, రెండు చరణాలు దాటేసరికి బిళ్లలు పాటకు ఎడంగా వెళ్లిపోతాయి. కాబట్టి ఒక మనిషి కూర్చుని, రికార్డింగ్ వింటూ, డ్రమ్మర్ ఎక్కడ సాగాడో ఎక్కడ ఉరికాడో చూసుకుంటూ దరువుల గీతలు జరుపుకుంటూ పోతాడు. దాన్ని టెంపో మ్యాప్ అంటారు. చెవుల్లేని మన రోబో అలాంటి పాటను నూటికి నూరు ఆడిందంటే, అది నిజానికి ఆ డ్రమ్మర్ ఊపిరినే అనుసరించిందన్నమాట. వినే పని దాని బదులు ఇంకొకరు ముందే చేసి పెట్టారు.

యంత్రానికి ఆ సంగతి నేర్పినవాళ్లు

1980లో రోజర్ లిన్ తయారుచేసిన ఎల్‌ఎమ్-1, నిజమైన డ్రమ్ శబ్దాలను డిజిటల్‌గా దాచుకుని వాయించిన తొలి డ్రమ్ మెషీన్. అందులో రెండు సదుపాయాలుండేవి. మొదటిది, మనం అటూ ఇటూగా కొట్టిన దెబ్బల్ని సరిగ్గా గీత మీదకు లాగేసేది. రెండోది దానికి పూర్తి వ్యతిరేకం, స్వింగ్. లిన్ రూపకల్పనతో 1988లో వచ్చిన అకాయ్ ఎంపీసీ60 అనే యంత్రంతో ఇది హిప్‌హాప్ వాళ్లందరి చేతికీ వచ్చింది.

స్వింగ్‌ను మన గతుల భాషలో చెప్పుకుంటే వెంటనే అర్థమవుతుంది. ఒక చిన్న కాలాన్ని రెండు దెబ్బలు పంచుకుంటున్నాయనుకోండి. చెరి సగమైతే 50 శాతం. అదే కాలాన్ని తిశ్రంగా మూడు ముక్కలు చేసి, మొదటి దెబ్బకు రెండు, రెండో దెబ్బకు ఒకటి ఇస్తే సుమారు 66 శాతం. చతురశ్రంగా నాలుగు ముక్కలు చేసి మూడు, ఒకటిగా పంచితే 75. ఎంపీసీలో స్వింగ్ మీట 50 నుంచి 75 దాకా తిరుగుతుంది. అసలు రుచి 54, 58, 62 లాంటి చోట్ల ఉంటుంది. అటు సమమూ కాదు, ఇటు తిశ్రమూ కాదు, రెండింటి నడుమ ఉన్న నేల అది. సోల్, ఫంక్ డ్రమ్మర్లు చేత్తో తిరుగాడింది అక్కడే.

హిప్‌హాప్ వాళ్లు ఇంకో పని కూడా చేశారు. దరువును లెక్కగట్టడం మానేసి, మనిషి వాయించిన ముక్కనే కత్తిరించి తిప్పారు. ఫంక్ గాయకుడు జేమ్స్ బ్రౌన్ బ్యాండ్‌లో డ్రమ్మర్ క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ 1969 నవంబరులో సిన్సినాటిలో వాయించిన కొద్ది సెకన్ల "ఫంకీ డ్రమ్మర్" దరువు వందలాది పాటల్లోకి చేరింది. ఆయన చేతుల్లోని ముందువెనకలన్నీ ఆ ముక్కలో అలాగే గడ్డకట్టి ఉన్నాయి. ఆ పాటకు రచయితగా ఆయన పేరు లేదు కాబట్టి, ఆ హక్కుల డబ్బు ఆయనకు చేరలేదు. సంగీతంలో కాపీరైట్ రాగాన్ని, సాహిత్యాన్ని గుర్తుపట్టినట్టు దరువును గుర్తుపట్టదు. నన్ను అడిగితే, ఇందులో ఇప్పటికీ సరిదిద్దని అన్యాయం ఉంది.

డెట్రాయిట్ కుర్రాడు, హిప్‌హాప్ నిర్మాత జే డిల్లా ఈ రెండు దారుల్నీ కలిపాడు. ఎంపీసీ3000 మీద ఒకే దరువులో కొన్ని శబ్దాల్ని సమంగా, కొన్నింటిని స్వింగ్‌లో పెట్టి, స్నేర్‌ను మాత్రం రవ్వంత ముందుకు లాగేవాడు. మొదటిసారి వింటే తూలుతున్నట్టు ఉంటుంది. కాసేపయ్యాక ఆ తూలుడికి తల దానంతటదే ఊగుతుంది. ఆ తర్వాత వింత జరిగింది. యంత్రం మీద పుట్టిన ఆ తూలుడును మనుషులు డ్రమ్స్ మీద సాధన చేయడం మొదలుపెట్టారు. 2000లో వచ్చిన గాయకుడు డీయాంజెలో ఆల్బమ్ "వూడూ"లో డ్రమ్మర్ క్వెస్ట్‌లవ్ వాయింపులో అది స్పష్టంగా వినిపిస్తుంది. డిల్లా 2006లో, 32 ఏళ్లకే చనిపోయాడు. ఆయన వాడిన ఎంపీసీ3000 ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియంలో ఉంది.

ఇక రోబోల సంగతికొస్తే, గేమ్ ఆడేవాటితో కథ ఆగిపోలేదు. అమెరికాలోని జార్జియా టెక్ విశ్వవిద్యాలయంలో గిల్ వైన్‌బర్గ్ బృందం షైమన్ అనే రోబోను తయారుచేసింది. నాలుగు చేతులు, ఎనిమిది కర్రలతో మరింబా అనే చెక్క పలకల వాయిద్యం వాయిస్తుంది. ఇది తెర చూడదు, పక్కన వాయిస్తున్న మనిషిని వింటుంది. దీనికీ ఆలస్యం సమస్య ఉంది. చెయ్యి ఒక చోటి నుంచి ఇంకో చోటికి జరగాలంటే సమయం కావాలి కాబట్టి, మనిషి తర్వాత ఏం వాయిస్తాడో ఊహించి ముందే కదలడం మొదలుపెట్టాలి. దానికి ఒక తల కూడా పెట్టారు, దరువుకి ఊపుతుంది. ఆ తల అలంకారానికే అనుకోవచ్చు. కానీ పరీక్షించి చూస్తే, రోబో కళ్లెదుట కదులుతూ కనిపిస్తున్నప్పుడు పక్కనున్న మనిషి దానితో మెరుగ్గా కలిసి వాయించగలిగాడు. దరువు నెమ్మదిగా, ఎటూ తేలనట్టుగా ఉన్నప్పుడు ఆ తేడా ఇంకా బాగా తెలిసింది. ఒకే గదిలో నిలబడి ఒకరి చేతిని ఒకరు చూసుకుంటూ వాయించే బ్యాండ్లకు ఇది ఎప్పుడో తెలిసిన సంగతే. రోబోల ప్రయోగశాలలో ఇప్పుడు అందుకే కర్రల వేగంతో పాటు తల ఎప్పుడు ఊపాలో కూడా లెక్కగడుతున్నారు.